రెండు ఎయిర్‌పోర్టుల మధ్య మూడు గంటలు

"నూట నలభై ఎనిమిది కిలోమీటర్లు. మూడు గంటల పది నిమిషాలు. నమ్మకం లేకపోతే మీరే చూసుకోండి" అంటూ సి.ఐ. శివనాగరాజు తన ఫోను బల్ల మీద అటువైపు తిప్పి పెట్టాడు.

కామేశ్వరరావు ఫోను వంక చూడలేదు. బందరు బస్సు డిపోలో ముప్ఫై మూడేళ్లు కంట్రోలరుగా కూర్చున్న మనిషికి రాజమండ్రికీ గన్నవరానికీ ఎంత దూరమో ఫోను చెప్పనక్కర్లేదు. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరాలి, ఎన్నింటికి బయల్దేరింది, ఎందుకు ఆలస్యమైంది అని రాసుకుంటూనే అతని జుట్టు నెరిసింది. రిటైరయ్యాక లాయర్లకు కేసుల్లో ఆరా తీసిపెట్టే పని ఒకటి నెత్తికెత్తుకున్నాడు. రాత్రంతా మోకాళ్ల నొప్పితో నిద్ర లేదు, పొద్దున్నే ఈ సి.ఐ. మొహం చూడాల్సొచ్చింది. ఈ రెంటిలో ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేక కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంకోసారి మొదట్నుంచీ చెప్పండి" అన్నాడు.

"ఎన్నిసార్లు చెప్పినా అంతే కదండీ కంట్రోలరు గారూ. మంగళవారం పొద్దున్న సాయిశరణ్ హైదరాబాదులో విమానం ఎక్కాడు. తొమ్మిదీ నలభైకి రాజమండ్రి. ఎయిర్‌పోర్టు పక్కనే ఏదో స్థలం చూసుకుని పదింటికి కారెక్కాడు. గుడివాడ కారు, డ్రైవరు పోతయ్య. ఒంటిగంటా ఇరవైకి గన్నవరం ఎయిర్‌పోర్టు. రెండూ నలభై విమానానికి మళ్లీ హైదరాబాదు. దారిలో టోల్‌గేట్లన్నింటి దగ్గరా ఆ కారు నంబరు పడింది. ఎక్కడా పది నిమిషాలు కూడా ఆగలేదు. మరి మనిషి గూడూరు ఎప్పుడొచ్చాడు, మేనత్తని ఎప్పుడు చంపాడు? రెక్కలు కట్టుకుని వచ్చాడా?"

ఆ మేనత్త పేరు సత్యవాణి. డెబ్బై రెండేళ్లు. దివిసీమలో పాతికేళ్లు పాఠాలు చెప్పి, బందరు పక్క గూడూరులో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, పెళ్లీ గిళ్లీ లేకుండా తన ఇంట్లో తను హాయిగా బతికిన మనిషి. మంగళవారం మధ్యాహ్నం వంటింట్లో తల వెనక దెబ్బతో పడి ఉంది. పక్కనే రుబ్బురోలు పొత్రం. పదకొండున్నరకీ పన్నెండుకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. పన్నెండుం పావుకి ఆవిణ్ణి బందరు తీసుకెళ్లడానికి వచ్చిన కారు డ్రైవరు స్టీఫెన్ చూసి, ఆవిణ్ణి చేతుల్లోకి ఎత్తుకుని, ఒళ్లంతా రక్తంతో వీధిలోకొచ్చి కేకలు పెట్టాడు. ఆ రక్తపు చొక్కాతోనే అతన్ని స్టేషనుకు తెచ్చారు. మూడు రోజులుగా విచారణ అంటూ కూర్చోబెట్టి, అరెస్టు మాత్రం ఇవాళ్టి తారీఖుతో రాస్తున్నారు. సాయంత్రం అయిదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్య కేసులో ఒకసారి జైలుకు పంపాక బెయిలు ఎప్పటికొస్తుందో చెప్పగల మొనగాడు ఈ జిల్లాలో లేడు. స్టీఫెన్ తరఫు లాయరు ఉమాశ్రీ రాత్రి ఫోన్ చేసి, "మావయ్య గారూ, అయిదింటిలోగా ఏదో ఒకటి కావాలండీ" అని మాత్రం అంది.

"తొమ్మిదీ నలభై అన్నది టిక్కెట్టు మీద ఉన్న టైమా, విమానం దిగిన టైమా?" కామేశ్వరరావు అడిగాడు.

సి.ఐ. నవ్వాడు. "రెండూ ఒకటే కదండీ. మీ బస్సులనుకున్నారా?"

డిపోలో ఎవరైనా ఈ మాట అని ఉంటే కామేశ్వరరావు ఆ పూటంతా వాళ్లతో మాట్లాడేవాడు కాదు. ఇక్కడ ఊరుకున్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, దిగిన టైము కనుక్కోవాలి అని రాసుకున్నాడు.

"అయినా సాయిశరణ్ మీద ఎందుకండీ మీ కన్ను?"

"ఆవిడ పోతే మంగినపూడి రోడ్డులో ఉన్న స్థలం అతనిదవుతుంది. రెండేళ్ల కిందట దాన్ని అమ్మమని గొడవపడి, అప్పట్నుంచీ ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. మీ కాగితాల్లోనే ఉంది ఆ మాట."

"గొడవపడ్డవాళ్లందరూ చంపుకుంటూ పోతే జిల్లాలో మనుషులు మిగలరు. ఇది చూడండి." సి.ఐ. సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ సంచీ తీసి పైకెత్తి పట్టుకున్నాడు. లోపల గాజు గ్లాసు. అడుగున కాఫీ ఎండి అంటుకుపోయి ఉంది. "ఇది అరుగు మీద, స్తంభం పక్కన ఉంది. ఎదురింటి ముత్యాలమ్మని అడిగాం, ఇదెవరిదమ్మా అని. స్టీఫెన్ కాఫీ తాగే గ్లాసండీ అని తడుముకోకుండా చెప్పింది. వీధంతా అదే మాట. పన్నెండుం పావుకి వచ్చి శవాన్ని చూశానన్నవాడు కాఫీ ఎప్పుడు తాగాడండీ? ముందే వచ్చాడు. తాగాడు. లోపలికెళ్లాడు."

"వేలిముద్రలు?"

"శుభ్రంగా తుడిచేసి ఉంది. తప్పు చెయ్యనివాడు తుడుస్తాడా?"

"తుడిచినవాడు అడుగున కాఫీ కడగడం మరిచిపోయాడా?"

"కంగారు." సి.ఐ. సంచీని సొరుగులో పెట్టి మూసేశాడు. "మీరు పెద్దవారు. ఉమాశ్రీ గారు అడిగారని ఇల్లు చూడనిస్తున్నాను. కానిస్టేబులు సత్తయ్య తాళాలు తీసుకొస్తాడు. పంచనామా ఎప్పుడో అయిపోయింది, మీకు కొత్తగా దొరికేదేం లేదు."

వెళ్లేముందు కామేశ్వరరావు లాకప్ దగ్గర ఆగాడు. స్టీఫెన్ గోడకు జారగిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి మూడు రోజుల్లో మరో పదేళ్లు మీద వేసుకున్నట్టున్నాడు.

"ఆ రోజు కాఫీ తాగావా స్టీఫెన్?"

"లేదండి. నేను వెళ్లేసరికే అమ్మగారు పడున్నారండి."

"మామూలుగా తాగుతావా ఆ ఇంట్లో?"

"రోజూ తాగుతానండి. నేను వెళ్లందే ఆవిడా తాగేవారు కాదు." అంతవరకే చెప్పి మొహం అవతలికి తిప్పుకున్నాడు.

కామేశ్వరరావు ఇంకేమీ అడగలేదు. ఆ గ్లాసు సంగతి మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఈ మనిషి అబద్ధం చెబుతున్నాడేమోనన్న అనుమానం మొదటిసారి కలిగింది.

గూడూరులో ఇల్లు తెరిచేసరికి పదీ యాభై. అరుగు మీద స్తంభం పక్కన, గ్లాసు ఉన్నచోట సుద్దముక్కతో గుండ్రంగా గీశారు. కామేశ్వరరావు ఆ గీత ముందు ఆగాడు.

ఎవరూ చెప్పకపోయినా ఆ గ్లాసు అక్కడ ఎందుకుంటుందో అతనికి తెలుసు. వాళ్ల ఇంట్లోనూ అలాంటిదొకటి ఉండేది. పెరట్లో గోడ గూట్లో, లోపలి సామానుతో కలవకుండా. కట్టెలు కొట్టడానికి వచ్చే మనిషికి అమ్మ అందులో పైనుంచి కాఫీ పోసేది. తాగి, తనే కడిగి, గూట్లో బోర్లించి వెళ్లేవాడు. ఆ గ్లాసు అంచున చిన్న పెచ్చు ఊడి ఉండడం కూడా కామేశ్వరరావుకు గుర్తుంది. ఆ మనిషి పేరే గుర్తులేదు. సిగ్గేసింది. సత్తయ్య చూస్తున్నాడని లోపలికి నడిచాడు.

వంటిల్లు చిన్నది. గట్టు మీద కాఫీ ఫిల్టరు. మూత తీసి చూస్తే ఇద్దరికి సరిపడా పొడి వేసినట్టుంది. సింకులో ఒక స్టీలు గ్లాసు, తాగి పెట్టింది. గోడకు కొట్టిన అలమరలో మిగతా గ్లాసులన్నీ క్లాసులో పిల్లల్లా వరసగా బోర్లించి ఉన్నాయి. ఒక్కటి మాత్రం వెల్లకిలా ఉంది.

"సత్తయ్యా, దీన్ని మీవాళ్లెవరైనా కదిపారా?"

"లేదండి. అలమర జోలికే ఎవరూ పోలేదు."

హెడ్మిస్ట్రెస్ చేతులు కడిగిన గ్లాసు వెల్లకిలా ఉండదు. ఎవరో వచ్చారు, ఆవిడతో పాటు స్టీలు గ్లాసులో కాఫీ తాగారు, ఆ గ్లాసు కడిగి అలవాటు లేని చేత్తో పైన పెట్టారు. అంటే వంటింట్లోకి వచ్చి కూర్చునేంత దగ్గరివాళ్లు. కామేశ్వరరావు పుస్తకంలో రాసుకున్నాడు. రాసుకుంటూనే, ఈ ముక్క చెబితే సి.ఐ. నవ్వుతాడనీ అనుకున్నాడు.

కిటికీ గట్టు మీద దుమ్ము పట్టిన చోట గుండ్రంగా ఒక జాగా మాత్రం నున్నగా ఉంది. అక్కడ ఏముండేదో అని అటూ ఇటూ వెతికితే, గ్యాస్ సిలిండరు వెనక నేల మీద పచ్చగా ఏదో కనిపించింది. మోకాళ్లు మూలుగుతుంటే వంగి తీశాడు. జానెడు మనీప్లాంట్ తీగ. ఆకులు వడలిపోయాయి గానీ ఇంకా చావలేదు. వేళ్లు తెల్లగా, పొడుగ్గా, దారపు ఉండలా గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి.

సంచీలోంచి మంచినీళ్ల సీసా తీసి, సగం తాగి, తీగను అందులో పెట్టాడు.

"అది కూడా సాక్ష్యమేనా అండి?" సత్తయ్య వింతగా చూశాడు.

"తెలీదయ్యా. బతికున్నదాన్ని అలా వదిలేసి వెళ్లలేక. నీ ఫోన్లో దీన్ని ఒక ఫోటో తియ్యి, ఎక్కడ దొరికిందో కూడా కనిపించేలా."

గూడూరు సెంటర్లో పామర్రు బస్సు ఎక్కేటప్పటికి పదకొండున్నర. పామర్రులో మారి గుడివాడ వెళ్లాలి. కిటికీ పక్కన కూర్చుని డిపోకు ఫోన్ చేశాడు. ఇప్పుడు కంట్రోలరు కుర్చీలో ఉన్నది రత్నం. ఒకప్పుడు ఇతని దగ్గరే పని నేర్చుకుంది.

"అమ్మాయ్, మంగళవారం పుస్తకం తియ్యి. రాజమండ్రి నుంచి మనకొచ్చే బస్సు చూడు. పొద్దున్న ఎనిమిది గంటలది."

కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "దొరికింది సార్. ఎనిమిదికి బయల్దేరాల్సింది, పదీ ముప్ఫై అయిదుకు బయల్దేరింది. కారణం మంచు. రోడ్డు కనపడక రాజమండ్రి బస్టాండులోనే నిలబెట్టేశారంట. డ్రైవరు సంతకం కూడా ఉంది."

"విజయవాడ నుంచి వచ్చేవి?"

"పొద్దున్న తొమ్మిదింటి దాకా లేటే సార్. తొమ్మిది తర్వాత వచ్చినవన్నీ టైముకే ఉన్నాయి."

కామేశ్వరరావు ఫోను పెట్టేశాడు. పదిన్నర దాకా బస్సే కదలని ఊళ్లో, తొమ్మిదీ నలభైకి విమానం దిగిందట. టిక్కెట్టు మీద అచ్చు వేసిన టైము నమ్మేవాళ్లకి దిగుతుంది. ఉమాశ్రీకి ఫోన్ చేసి, ఆ విమానం నిజంగా ఎక్కడ దిగిందో చూడమన్నాడు. ఏ విమానం ఏ రోజు ఎటు తిరిగిందో చూపించే యాప్‌లు ఉంటాయని మనవడు ఒకసారి చెప్పాడు. అలాంటివి చూడడం తనకు చేతకాదు, ఆ అమ్మాయికి వచ్చు.

గుడివాడ కార్ల స్టాండులో పోతయ్య తెల్లకారు అద్దాలు తుడుస్తున్నాడు. నందివాడ మనిషి, యాభై దాటినవాడు. పోలీసుల మనిషి కాదని తెలిశాక కాస్త ధైర్యంగా నిలబడ్డాడు.

"మంగళవారం రాజమండ్రిలో ఎవర్ని ఎక్కించుకున్నావు?"

"సాయిశరణ్ గారినండి. పోలీసులకి చెప్పేశాను కదండీ."

"ముందు కూర్చున్నాడా, వెనకా?"

"వెనకండి."

"టిఫిన్ ఎక్కడ చేశాడు?"

"చెయ్యలేదండి."

"మూడుంపావు గంటల ప్రయాణంలో టీకి కూడా ఆగలేదా?"

"వద్దన్నారండి. విమానం టైమైపోతుందని." పోతయ్య అద్దం మీద తుడిచినచోటే మళ్లీ తుడుస్తున్నాడు.

కామేశ్వరరావు పక్కనున్న బల్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. "ఆ రోజు మా బస్సులన్నీ నానా అవస్థా పడ్డాయి పోతయ్యా. నీకెలా ఉంది దారి?"

పోతయ్య మొహం విప్పారింది. డ్రైవర్ని దారి గురించి అడిగితే చాలు. "అబ్బో, అదేం మంచండి బాబూ. ఇరవై ఏళ్ల సర్వీసులో చూళ్లేదు. పొద్దున్న తొమ్మిదికల్లా ఎయిర్‌పోర్టు గేటు దగ్గర కారు పెట్టానండి. పది గజాల్లో గేటు, ఆ గేటే కనపడలేదు. లైట్లు వేసుకుని కూర్చున్నాను."

"ఎందాకా?"

"నేను కదిలిందాకా అంతేనండి. పదింటికి కూడా ఏం విడలేదు."

"మరి గేటే కనపడని చోట విమానం ఎలా దిగింది పోతయ్యా?"

పోతయ్య చెయ్యి అద్దం మీదే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే కామేశ్వరరావు ఫోను మోగింది. ఉమాశ్రీ. అతను స్పీకరులో పెట్టాడు.

"మావయ్య గారూ, మీరన్నట్టే ఉంది. విమానం రాజమండ్రి మీద నాలుగు చుట్లు తిరిగి వెనక్కి మళ్లింది. తొమ్మిదీ యాభై రెండుకి గన్నవరంలో దిగింది. మంచు విడ్డాక పదకొండూ ఇరవైకి లేచి రాజమండ్రి వెళ్లింది. చేతి సంచీ మాత్రమే ఉన్నవాళ్లు కొందరు గన్నవరంలోనే దిగిపోయారట."

పోతయ్య గుడ్డను భుజాన వేసుకుని, వచ్చి బల్ల మీద రెండో చివర కూలబడ్డాడు.

"తొమ్మిదీ యాభై అయిదుకి ఫోన్ చేశారండి. నన్ను గన్నవరంలో దించేశారు, నువ్వు ఖాళీగా వచ్చెయ్యి అన్నారు. వచ్చేశాను. తర్వాత మళ్లీ చేసి, ఆఫీసులో బిల్లు పెట్టుకోవాలి, నేను కారులోనే వచ్చానని చెప్పు అన్నారు. ఇలాంటివి మాకు మామూలేనండి. పోలీసులొచ్చి ఎక్కించుకున్నావా అంటే ఔనన్నాను. హత్య సంగతి ఆ తర్వాత తెలిసింది. ఒకసారి ఔనన్నాక మళ్లీ కాదంటే నన్నే లోపలేస్తారని ఊరుకున్నానండి. తప్పేనండి."

"ఆ రెండో ఫోను ఎన్నింటికి?"

"ఏలూరు దాటాక. పన్నెండున్నర కావొస్తుందండి. ఎయిర్‌పోర్టు లోపల కూర్చున్నానన్నారు." పోతయ్య తల గోక్కున్నాడు. "కానీ అప్పుడే నాకు తేడాగా అనిపించిందండి. ఆయన వెనకాల ఎవరో, పామర్రు దిగేవాళ్లు రండి, పామర్రు, అని అరుస్తున్నారు."

కామేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు. కండక్టరు. వెళ్లేటప్పుడు దేంట్లో వెళ్లాడో గానీ, మనిషిని చంపి తిరిగొచ్చింది మాత్రం తన బస్సులోనే. ముప్ఫై మూడేళ్లు టైముకు నడపాలని తను ప్రాణం పెట్టిన బస్సు వాణ్ణి టైముకు దించింది. గన్నవరంలో పదీ పావుకి బయటపడితే పదకొండున్నరకు గూడూరు. పన్నెండుకు బయటికొస్తే ఒంటిగంటా ముప్పావుకి మళ్లీ గన్నవరం. లెక్క అతికినట్టు సరిపోయింది. ముందుగా వేసుకున్న పథకం కూడా అయ్యుండదు. ఎక్కడికో వెళ్లాల్సిన మనిషిని మంచు తెచ్చి మేనత్త ఊరి దగ్గర వదిలింది. ఎలాగూ వచ్చాం కదా, ఇంకోసారి అడిగి చూద్దామని వెళ్లి ఉంటాడు.

"కారు తియ్యి. బందరు వెళ్దాం. ఈ మాటే అక్కడ చెప్పాలి నువ్వు" అన్నాడు.

స్టేషనుకు చేరేసరికి మూడూ నలభై అయిదు. వరండాలో బల్ల మీద స్టీఫెన్ భార్య కృపాకుమారి కూర్చుని ఉంది. గూడూరు ఆస్పత్రిలో నర్సు. ఒళ్లో టిఫిన్ క్యారియరు, మూత తీసిన జాడ లేదు. ఉమాశ్రీ నల్లకోటు చేతికి వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

సి.ఐ. అన్నీ విన్నాడు. పోతయ్యను రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఉమాశ్రీ ఫోనులో విమానం తిరిగిన గీతలు చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి గానీ గొంతు తగ్గలేదు.

"సరే. గన్నవరంలో దిగాడు. అయితే? రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఉన్న మనిషిని ఒక ఎయిర్‌పోర్టులో కూర్చోబెట్టారు. గూడూరులో చూసినవాళ్లెవరు? మొన్న ఔనని ఇవాళ కాదంటున్న డ్రైవరు, వాడి చెవిన పడిన కండక్టరు కేక. ఇదా మీ సాక్ష్యం?"

"ఫోను ఏ టవరు కింద ఉందో తెప్పించండి" అంది ఉమాశ్రీ.

"రాస్తాను మేడం. రావడానికి నాలుగు రోజులు. అప్పటిదాకా నా దగ్గర రక్తపు చొక్కా ఉంది, గ్లాసు ఉంది. విమానం ఎక్కడ దిగినా, ఆ అరుగు మీద కాఫీ తాగింది స్టీఫెనే. దానికి సమాధానం చెప్పండి, ఇప్పుడే వదిలేస్తాను." సి.ఐ. గడియారం చూసుకున్నాడు. "నాలుగున్నరకి బయల్దేరతాం."

కామేశ్వరరావు వెల్లకిలా పెట్టిన స్టీలు గ్లాసు సంగతి చెప్పబోయి మానుకున్నాడు. ఆ గాజు గ్లాసు ఉన్నంతవరకూ స్టీలు గ్లాసును ఎవరూ పట్టించుకోరు. వరండాలోకి వచ్చి కృపాకుమారి పక్కన కూర్చున్నాడు. కాళ్లు ఇక లేవనంటున్నాయి. సంచీలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఆకులు కాస్త తేరుకున్నాయి.

కృపాకుమారి దాని వంక చూసింది. చూస్తూ చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"ఇది అమ్మగారి మొక్క కదండీ."

"నీకెలా తెలుసమ్మా?"

"నేనే ఇచ్చానండి, మా ఇంట్లోది. వంటింటి కిటికీలో పెట్టుకున్నారు. గ్లాసులోంచి ఎవరు తీశారండీ దీన్ని?"

కామేశ్వరరావు నిటారుగా కూర్చున్నాడు. పొద్దున్న లాకప్ దగ్గర తను అడగని ప్రశ్న ఇప్పుడు నోటికొచ్చింది. అడగవలసిన అవసరమే తోచలేదు అప్పుడు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి తోచదు.

"స్టీఫెన్ ఆ ఇంట్లో కాఫీ ఎక్కడ కూర్చుని తాగుతాడమ్మా?"

"వంటింట్లోనేనండి. అమ్మగారూ ఈయనా, చెరో స్టీలు గ్లాసుతో."

"అరుగు మీద గాజు గ్లాసు?"

"అది ఇదివరకండి. మొన్నటి క్రిస్మస్ కాదు, దాని ముందు క్రిస్మస్‌కి అమ్మగారు మా ఇంటికొచ్చారు. కేకు తిని, మా గ్లాసుతోనే మంచినీళ్లు తాగారు. మర్నాడు ఈయన్ని లోపలికి పిలిచి, ఇన్నేళ్లూ నేను చేసిన పనికి నాకే సిగ్గుగా ఉందిరా అన్నారంట. ఆ గాజు గ్లాసులో నీళ్లు పోసి, నేనిచ్చిన తీగ వేసి, దీనికి ఇక ఇదే ఉద్యోగం అన్నారంట. ఈయన ఇంటికొచ్చి చెప్పి ఏడ్చాడండి. ఆవిడ పరువు పోతుందని బయటెవరికీ చెప్పలేదు."

కామేశ్వరరావు సీసా పట్టుకుని లేచాడు. మోకాళ్ల సంగతి గుర్తు రాలేదు.

"సి.ఐ. గారూ, ఆ గ్లాసు మళ్లీ తియ్యండి."

విసుక్కుంటూనే సి.ఐ. సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. కామేశ్వరరావు తీగను సీసాలోంచి తీసి, నీళ్లు కారుతుండగానే, చుట్టుకుపోయిన వేళ్లను సంచీ బయటి నుంచి గ్లాసు అడుగుకు ఆనించి పట్టుకున్నాడు. గుండ్రం గుండ్రానికి సరిపోయింది. ఏడాది పైగా ఆ గ్లాసులో పెరిగిన వేళ్లు, గ్లాసు ఎంత ఉందో అంతే చుట్టుకున్నాయి.

"మంగళవారం పొద్దుటి దాకా ఈ గ్లాసులో ఉన్నది ఇది. సిలిండరు వెనక దొరికింది, సత్తయ్య ఫోన్లో ఫోటో ఉంది. తీగ పీకి పారేసి, గ్లాసు తుడిచి, మిగిలిన కాఫీ పోసి, తీసుకెళ్లి అరుగు మీద పెట్టారు. స్టీఫెన్ చేతిలో ఇప్పుడు స్టీలు గ్లాసు ఉంటుందని స్టీఫెన్‌కి తెలుసు, ఆవిడకి తెలుసు. తెలియనివాడే ఈ పని చేశాడు. ఆ ఇంటి అలవాటు తెలిసినవాడు, అది మారిన సంగతి తెలియనివాడు. రెండేళ్లుగా గుమ్మం తొక్కనివాడు."

"మరి ముత్యాలమ్మ..."

"ఎవరి గ్లాసని అడిగారు, చెప్పింది. ఇప్పుడెక్కడుంటుందని మీరడగలేదు. నేనూ అడగలేదు. మనిద్దరం ఒక్కలాగే ఆలోచించాం సి.ఐ. గారూ, వాడిలాగే."

శివనాగరాజు సంచీ తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. తర్వాత రైటర్ని పిలిచి, "స్టీఫెన్ కాగితాలు ఆపు" అన్నాడు. గుమ్మంలో కృపాకుమారి టిఫిన్ క్యారియరు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"సాయిశరణ్ ఎక్కడున్నాడిప్పుడు?" ఉమాశ్రీ అడిగింది.

సి.ఐ. మొహంలో రంగు మారింది. "గూడూరులోనే. అంత్యక్రియలకి వచ్చినవాడు, ఇల్లు కడిగించుకుని సాయంత్రం విమానానికి హైదరాబాదు వెళ్తానంటే మూడున్నరకి సత్తయ్యతో తాళాలు పంపించాను."

చెబుతూనే ఫోన్ చేసి స్పీకరులో పెట్టాడు.

"నేనే చేద్దామనుకుంటున్నాను సార్" అన్నాడు సత్తయ్య అటునుంచి. "ఈయన ఇల్లు కడిగించలేదు సార్. రాగానే వంటింట్లో నేల మీద కూర్చుని సిలిండరు జరిపాడు. చెత్తబుట్ట అంతా కింద పోసి వెతికాడు. ఏం పోయిందండీ అంటే ఏం లేదంటాడు. పాపం కదా అని, మొక్క అయితే పొద్దున్న కంట్రోలరు గారు సీసాలో పట్టుకెళ్లారని చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమనలేదు సార్. కారెక్కి వెళ్లిపోయాడు. పామర్రు వైపు. పది నిమిషాలైంది."

సి.ఐ. టోపీ అందుకుంటూ గోడ గడియారం చూశాడు. నాలుగూ పది.

"అతని విమానం ఎన్నింటికి?"

"ఆరుకి. గన్నవరం నుంచి" అంది ఉమాశ్రీ ఫోనులో చూసి. "గూడూరు నుంచి గంటా పావు" అన్నాడు కామేశ్వరరావు.

"ఆరని టిక్కెట్టు మీదే కదా ఉంటుంది" అన్నాడు సి.ఐ. మొదటిసారి బతిమాలుతున్నట్టు. "లేటవచ్చు కదండీ."

కామేశ్వరరావు కిటికీలోంచి బయటికి చూశాడు. జనవరి ఎండ వీధి చివరిదాకా తేటగా కాస్తోంది.

"ఇవాళ మంచు లేదు" అన్నాడు.